నీళ్ళకు మరో పేరు

నేను మొదటి సంవత్సరం చదివే రోజుల్లో ఒక ఆదివారం మా నాయనమ్మ సీతంపేట కొండ దిగి, రెండు బస్సులు మారి, హాస్టలుకు వచ్చింది. చేతిలో కందికాయల మూట. గదిలో మేం నలుగురం ఉన్నాం. దాహం వేసి మా సవర మాటలో “డా” అని అడిగింది.

“ఏటంటోందిరా? ఎవరీవిడ?” అన్నాడు మిత్రుడు.

“మా ఊరి ముసలమ్మ” అన్నాను.

నాయనమ్మకు తెలుగు తెలుసు. ఏమీ అనలేదు. నీళ్ళు తాగి, సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది.

రెండేళ్ళ తరువాత లైబ్రరీలో ఆస్ట్రో-ఏషియాటిక్ భాషల పుస్తకం తిరగేస్తుంటే మ్నోంగ్ అనే పేరు కంటబడింది. వియత్నాం మధ్య పీఠభూముల్లోనూ, సరిహద్దు దాటితే కంబోడియాలోని మొండుల్‌కిరిలోనూ ఉండే కొండజనం భాష అది. కంబోడియాలో వారిని బునోంగ్ అంటారు. 2019 జనాభా లెక్కల ప్రకారం ఒక్క వియత్నాంలోనే లక్షా 27 వేల మందికి పైగా మ్నోంగులున్నారు.

వాళ్ళు నీళ్ళను “డాక్” అంటారట! ఒళ్ళు ఝల్లుమంది. డాక్ లాక్ అనే రాష్ట్రం పేరులో ఉన్నదీ ఆ నీళ్ళే. మాది ముండా శాఖ, వాళ్ళది బహ్నారిక్ శాఖ. చెట్టు మాత్రం ఒక్కటే. సంతాలీలో రెండు, మూడులను “బార్, పే” అంటే, మ్నోంగులోనూ “బార్, పే” అనే అంటారు.

ఆ భాష కూడా ఒక్క తీరుగా లేదు. మధ్య, దక్షిణ, తూర్పు మాండలికాలని పండితులు విడదీస్తారు. క్రావోల్ అనేది మరొకటి. ఫ్రెంచి పండితుడు జార్జ్ కాండొమినాస్ 1948–49లో మ్నోంగ్ గార్ తెగవారి సార్ లుక్ గ్రామంలో ఉండి, 1957లో పుస్తకం రాశాడు. వాళ్ళు ఏడాదిని అంకెతో చెప్పరట. పోడు కోసం ఆ యేడు ఏ అడవి నరికి కాల్చారో, ఆ అడవిని “తిన్నాం” అని చెప్పుకొంటారట. పోడు చేసిన మా తాతకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కరలేదు.

ఒక చిక్కుంది. వియత్నాంలో మ్నోంగును రోమన్ లిపిలో రాస్తారు; కంబోడియాలో ఖ్మేర్ అక్షరాలతో. ఇటువాడు రాసిన ఉత్తరం అటువాడు చదవలేడు. మా సంగతీ అంతే కదా! ఆంధ్రలో సవరకు తెలుగు లిపి. ఒరిస్సా వైపు 1936లో మంగయి గొమాంగో చేసిన సోరంగ్ సోంపెంగ్ ఉంది.

ఏటా ఆగస్టు 29న గిడుగు వారి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటాం. ఆ మహానుభావుడే సవర నేర్చుకొని, 1931లో ఆ భాషకు వ్యాకరణం ప్రచురించారు. ఆ సభలో నేనూ చప్పట్లు కొట్టాను. పరాయివారు పట్టుబట్టి నేర్చుకున్న భాషను, పుట్టుకతో వచ్చిన నేను దాచుకున్నాను.

దసరా సెలవులకు ఇంటికి వెళ్ళి నాయనమ్మకు ఈ సంగతి సవరలోనే చెప్పాను. ఎక్కడో సముద్రం అవతల మనలాంటి వాళ్ళున్నారని, నీళ్ళను “డాక్” అంటారని. కాసేపు ఆలోచించి అంది:

“అయితే వాళ్ళ మనవలు ఏమని చెప్తారో, ముసలమ్మ నీళ్ళడిగితే?”

మిత్రులారా, ఆ ఆదివారం వచ్చినావిడ మా నాయనమ్మ. ఆమె అడిగింది నీళ్ళు.