వెనక సీటు కింద చప్పుడు

మా కారులో నా చోటు ఎప్పుడూ వెనక సీటే. మామయ్యగారికి వారానికి రెండుసార్లు డయాలిసిస్. పెంటపాడు నుంచి ఏలూరు వెళ్ళి రావాలి. మావారు నడుపుతారు, నేను వెనక మామయ్యగారి పక్కన కూర్చుంటాను.

ఆ కారు మామయ్యగారు రిటైరైనప్పుడు కొన్నది. ఇరవై ఏళ్ళు దాటింది. మొన్న వేసవిలో ఏలూరు నుంచి తిరిగొస్తూ మిట్టమధ్యాహ్నం హైవే మీద ఆగిపోయింది. డయాలిసిస్ అయ్యాక మనిషికి ఓపికే ఉండదు. చీర కొంగుతో విసురుతూ కూర్చున్నాను. అరగంటకి దానంతటదే స్టార్టయింది. తర్వాత అలా మరో రెండుసార్లు.

ఒక మెకానిక్ బ్యాటరీ మార్చాడు. ఇంకొకాయన ప్లగ్గులు మార్చి, చివరికి పెట్రోలు పంపు పోయిందన్నాడు. వేలల్లో ఖర్చు. "ఇక అమ్మేద్దాం నాన్నా" అన్నారు మావారు. మామయ్యగారు ఏమీ అనలేదు. కిటికీ వైపు తిరిగిపోయారు.

అప్పుడు నోరు విప్పాను. "తాళం తిప్పగానే మా సీటు కింద జుమ్మని చిన్న చప్పుడొస్తుందండీ, రెండు క్షణాలు. బండి మొరాయించిన రోజు అది రాదు."

"ఏ చప్పుడు? నాకెప్పుడూ వినపడలేదే!" అన్నారు మావారు.

"అమ్మాయి చెప్పేది వినరా" అన్నారు మామయ్యగారు.

తాడేపల్లిగూడెంలో ఓ పెద్ద వయసు ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళాం. నా మాట వినగానే ఆయన బానెట్ ఎత్తలేదు, వెనక సీటు ఎత్తాడు. పూర్వం కార్బ్యురేటర్ కార్లకి పంపు ఇంజను దగ్గరే ఉండి దాంతోపాటే ఆడేదట. ఇంజెక్షన్ కార్లకి ట్యాంకులోనే కరెంటు పంపు. తాళం తిప్పగానే రెండు క్షణాలు తిరిగి పెట్రోలుకి ఒత్తిడి తెచ్చి ఆగుతుంది, ఇంజను తిరగ్గానే మళ్ళీ మొదలు. నేను విన్నది అదే.

ఫ్యూజు, రిలే బాగానే ఉన్నాయి. పంపుకి కరెంటూ వస్తోంది. అప్పుడు మీటరు ఒక కొన బ్యాటరీ మైనస్‌కి, రెండోది పంపు ఎర్తు వైరుకి పెట్టి, నన్ను మళ్ళీ మళ్ళీ తాళం తిప్పమన్నాడు. పంపు తిరిగే ఆ రెండు క్షణాల్లోనే చూడాలట. దాదాపు సున్నా చూపించాల్సింది నాలుగు వోల్టులు చూపించింది. "కరెంటు వెళ్తోందమ్మా, తిరిగొచ్చే దారే సరిగ్గా లేదు" అన్నాడు. ఎర్తు వైరు బాడీకి బిగించిన బోల్టు తుప్పు పట్టిపోయింది. కుదుపుకి ఓసారి అంటుకుంటుంది, ఓసారి ఊడుతుంది.

పెట్రోలు ఆవిరి దగ్గర నిప్పురవ్వ కూడదని ముందు బ్యాటరీ వైరు తీసేశాడు. తుప్పు గీకి, కొత్త బోల్టు బిగించి, గ్రీజు పూశాడు. మూడొందలు తీసుకున్నాడు. పంపు పాతదే, నిక్షేపంగా ఉంది.

మీరూ బండి షెడ్డుకి పంపేటప్పుడు "ఆగిపోతోంది" అని ఊరుకోకండి. ఎప్పుడు ఆగింది, ఏ చప్పుడు వచ్చింది, ఏది రాలేదు, అన్నీ చెప్పండి. నడిపేవాళ్ళకి వినపడనివి మనకి వినపడతాయి.

ఇప్పుడు ఏలూరు బయల్దేరేటప్పుడు మావారు తాళం సగం తిప్పి ఆగుతారు. "వచ్చిందా?" అంటారు. నేను నోరు తెరిచేలోపే మామయ్యగారు, "వచ్చిందిరా, పోనీ" అంటారు.