ఏటేటా తీర్చే మొక్కు

కాస్త ఇలా కుంపటి దగ్గరికి జరగండి, ఈ చలికి వెనిస్ కబుర్లు చెప్పుకుందాం. వెనిస్ అనగానే మనకు ఎండ, గొండోలా, అందులో ఓ జంట కళ్ల ముందు మెదులుతాయి. అది యాత్రికుల వెనిస్ లెండి. ఊరివాళ్ల వెనిస్ చూడాలంటే నవంబరులో వెళ్లాలి. అప్పటికి చుట్టూ ఉన్న ఉప్పునీటి సరస్సు మీద పొగమంచు కమ్ముకుంటుంది. ఎదురుగా ఉన్న గట్టు కూడా ఆనదు, పడవ బస్సులు రాడార్ చూసుకుంటూ నడుస్తాయి.

ఆ నెల 21న సలూతె పండగ. ఆ వేళ ఊరికి సెలవు. దీని వెనక పెద్ద కథే ఉంది. 1630లో ప్లేగు వచ్చి ఊళ్లో దాదాపు మూడోవంతు మందిని పొట్టన పెట్టుకుంది. గండం గట్టెక్కితే మేరీమాతకు గుడి కట్టిస్తామని, ఏటా వచ్చి దర్శనం చేసుకుంటామని ఊరి పెద్దలు మొక్కుకున్నారు. గుడికి నమూనా గీసిన లొంగేనా 1682లో పోయాడు, ప్రతిష్ఠ జరిగింది 1687లో. ఆ కట్టడం కోసం జీవితమంతా ధారపోసిన మనిషి ఆ రోజు చూడకుండానే వెళ్లిపోయాడంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

మొక్కు మాత్రం ఆగలేదండీ. పండగకు గ్రాండ్ కెనాల్ మీద తాత్కాలికంగా తేలే వంతెన వేస్తారు. ముసలివాళ్లు, బళ్లల్లో పసిపిల్లలు, అందరూ దాని మీదుగా నడిచి వెళ్తారు. గుడి బయట కొట్లలో కొవ్వొత్తులు కొనుక్కుని లోపల వెలిగించమని ఇస్తారు. ఇల్లంతా చల్లగా ఉండాలనే కదా ఎవరి మొక్కైనా! బయటికొస్తే పిల్లలకు బుడగలు, మిఠాయిలు.

ఇంటికెళ్తే కస్త్రదీనా. గొర్రె తొడమాంసానికి ఉప్పు పట్టించి, పొగబెట్టి, ఎండబెడతారు. దాన్ని నానబెట్టి, సన్నసెగ మీద గంటల తరబడి ఉడికించి, మడతల ఆకుల క్యాబేజీ, ఉల్లిపాయలు వేసి చారులా కాస్తారు. ప్లేగుకు జడిసి ఎవరూ గుమ్మం తొక్కని రోజుల్లో, సముద్రం అవతలి డాల్మేషియా వర్తకులు తెచ్చిన మాంసమే ఊరి కడుపు నింపిందట. ఆ కృతజ్ఞత ఈ చారులో ఉందంటారు. నాకు నమ్మాలనే ఉంది.

చలికాలంలో నీళ్ల బెడదా ఉంది. 2019 నవంబరు 12న పోటు 187 సెంటీమీటర్లకు లేచి సెయింట్ మార్క్ చర్చిలోకి కూడా నీళ్లు జొరబడ్డాయి. 2020 నుంచి సముద్రపు ముఖద్వారాల దగ్గర 78 ఉక్కు తలుపులు లేచి పెద్ద పోట్లను ఆపుతున్నాయి.

నీళ్లకన్నా నన్ను భయపెట్టేది ఊరు ఖాళీ అవడం. 1951లో పాత ఊళ్లో లక్షా డెబ్బై అయిదు వేలమంది ఉండేవారు. ఇప్పుడు యాభై వేలు కూడా లేరు. అద్దెలు భరించలేక గట్టు మీది మెస్త్రెకు వెళ్లిపోయిన కుటుంబాలెన్నో. సలూతె రోజున వాళ్లూ మనవలను వెంటబెట్టుకుని వస్తారు. అందుకే కార్నివాల్ ముసుగులకన్నా నాకు ఈ కొవ్వొత్తులంటేనే ఇష్టం.

మీరెప్పుడైనా వెళ్లే పనైతే నవంబరు మూడో వారం చూసుకోండి. హోటల్లో కూర్చోగానే కస్త్రదీనా ఉందా అని ముందే అడగండి. పండగ దాటితే అది దొరకడం కష్టం.