పొదుపు కూడా ఒక ఉత్పత్తియే

“విద్యుత్తును పొదుపుగా వాడండి” అన్న హితవాక్యాన్ని గోడలపై చదవని విద్యార్థి ఉండడు. చదివి ఆచరించేవారు మాత్రం అరుదు. వ్యక్తులకే ఇంత దుష్కరమైన కార్యం, లక్షలాది ఉద్యోగులు గల ఒక మహాసంస్థకు ఎట్లు సాధ్యమన్న సందేహం నన్ను చాలాకాలం వెన్నాడింది. సూర్యలంక నుండి సుమారు 9 కిలోమీటర్ల దూరాన గల బాపట్లకు చేరి, అక్కడ రైలెక్కి కళాశాలకు వచ్చే నాకు, సమాధానం ఆ రైల్వే సంస్థలోనే లభించింది.

1980 ప్రాంతంలో విద్యుదీకరింపబడిన ఈ మార్గంలో, పైనున్న తీగలో 25,000 వోల్టుల విద్యుత్తు ప్రవహిస్తుంది. దానిని ఆదా చేసే మార్గాలు ముఖ్యంగా మూడు.

మొదటిది మనిషి నేర్పు. స్టేషను సమీపించక మునుపే డ్రైవరు విద్యుత్తును ఆపి, బండిని దాని ఊపుతోనే సాగనిస్తాడు. మా ఊరి మత్స్యకారులు ఒడ్డు దగ్గరపడగానే మోటారు ఆపి, పడవను అలకు అప్పగించడం ఇటువంటిదే.

రెండవది యంత్రం నేర్పు. బ్రేకు వేసినపుడు బండి వేగం వేడిగా మారి వృథాగా గాలిలో కలిసిపోవడం పాత పద్ధతి. 1995లో స్విట్జర్లాండు నుండి తొలిసారి తెప్పించి, అనంతరం చిత్తరంజన్‌లో నిర్మించిన త్రీఫేజ్ ఇంజన్లలో, బ్రేకు వేసిన వేళ మోటార్లే జనరేటర్లుగా మారి విద్యుత్తును తిరిగి తీగకు అందిస్తాయి. దానిని మరొక బండి వినియోగించుకుంటుంది. ఒకరు విడిచినది మరొకరికి ఆధారం!

మూడవది లెక్క. ఎంత వాడినదీ, ఎంత తిరిగి ఇచ్చినదీ ఆ ఇంజనులోని మీటరు చూపుతుంది. స్టేషన్లలో దీపాలను రెండు భాగాలుగా అమర్చి, బండి లేని వేళ సుమారు 30 శాతం దీపాలనే వెలిగించే పద్ధతి ఉన్నది. 2001లో పార్లమెంటు ఇంధన పరిరక్షణ చట్టం చేసింది. పెద్ద వినియోగదారులకు పొదుపు లక్ష్యాలు విధించే పథకం 2012లో మొదలుకాగా, తరువాత రైల్వేలను కూడా అందులో చేర్చారు. లెక్క లేని పొదుపు ఉపన్యాసమే అవుతుంది.

ఇది కేవలం డబ్బు విషయం కాదు. థర్మల్ కేంద్రంలో బొగ్గు వేడిలో ఇంచుమించు మూడవ వంతు మాత్రమే విద్యుత్తుగా మారుతుంది. కనుక మనం ఆదా చేసిన ప్రతి యూనిట్ వెనుక దానికి దాదాపు మూడింతల శక్తి మిగులుతుంది. బొగ్గుపొగతో భూమి వేడెక్కి సముద్రమట్టం పెరుగుతున్నది. 1977 నవంబరు నాటి ఉప్పెనను పెద్దలు నేటికీ తలచుకునే తీరంలో పుట్టినవాడికి ఇది పుస్తకాల్లోని పాఠం మాత్రమే కాదు.

విద్యార్థి మిత్రులారా! ఉర్దూలో ‘కిఫాయత్’ అన్నా, తెలుగులో ‘పొదుపు’ అన్నా పిసినారితనమని అర్థం కాదు. అవసరానికి తగినంత వాడడమే. ఖాళీ తరగతిలో తిరిగే ఫ్యాను ఎవరికీ గాలి ఇవ్వదు. కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే: ప్రతి భవనానికి ఒక మీటరు, ప్రతి నెలా నోటీసు బోర్డుపై దాని లెక్క, ప్రతి తరగతికి బాధ్యుడైన ఒక విద్యార్థి. అంతటి మహాసంస్థ బండిబండికీ లెక్క చూడగలిగినపుడు, మన పది గదుల లెక్క మనకు భారం కాబోదు.