చామంతికి చీకటి లెక్క

కుప్పం దాటి బండి మట్టిరోడ్డెక్కేసరికి రాత్రి పది దాటింది. ఎదురుగా పొలంలో వరసకట్టి బల్బులు వెలుగుతుంటే ఏదో జాతర అనుకున్నాను. దగ్గరికెళ్తే మైకూ లేదు, మనుషులూ లేరు. తీగలకు వేలాడే ఎల్ఈడీ బల్బులు, వాటి కింద జానెడెత్తు చామంతి మొక్కలు.

తోట పెద్దమ్మకు అరవై దగ్గర పడ్డాయి. గట్టు మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. "రేయి పొడుగైందని తెలిస్తే చాలు నాయనా, మొగ్గేసేస్తాది. ఇంత పిల్లమొక్కకు నాలుగు పూలు కూడా రావు. అందుకే నిద్రపోనీకుండా లేపుతాండాం" అంది. పదింటికి వెలిగిస్తే రెండింటికి ఆర్పుతారట. నాటిన దగ్గర్నుంచి నెలా పదిరోజులు ఇదే పని. దీపాలు మానేశాక రెండు నెలలు దాటితే పూత. కార్తీకంలో ఈ జాగారం మాఘమాసం పెళ్లిళ్ల కోసం.

మొక్కలకు పగలూ రాత్రీ కొలత తెలుసని 1920లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు గార్నర్, అలార్డ్ రాశారు. అసలు కొలత పగటిది కాదు, చీకటిదని 1938లో హామ్నర్, బానర్ తేల్చారు. పొడుగాటి రాత్రి మధ్యలో కాసేపు దీపం పెడితే చాలు, మొక్క పూత మానేసింది. వాళ్లు పరీక్ష పెట్టింది మరులమాతంగి మీద. పంచెకు అంటుకునే ముళ్లకాయల కలుపుమొక్కే అది, చామంతి కుటుంబమే. ఆ మాటకొస్తే గట్టు మీద గడ్డిచామంతి, రోడ్డు పక్క వయ్యారిభామ, మడిలో బంతి, అన్నీ ఒకే ఇంటి పిల్లలు. కొందరిని దేవుడి దగ్గర పెడతాం, కొందరిని పీకి పారేస్తాం.

ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకున్నాను. తెల్లారగట్ల లేపి, ఆషాఢంలో నాటిన పక్కమడికి తీసుకెళ్లారు. ఇక్కడ దీపాల్లేవు, రాత్రులు వాటంతటవే పెరిగి పూయించేశాయి. పసుప్పచ్చగా విరగబూసింది. నాలుగు వారాలప్పుడు తలలు తుంచడంతో ఒక్కో దుబ్బూ గంపలా పరుచుకుంది. కూలికొచ్చిన ఆడవాళ్లు తొడిమ మిగలకుండా పువ్వును గిల్లి ఒళ్లో వేసుకుంటున్నారు. నేను ఒక పువ్వు విప్పి చూశాను. రేక అనుకుని లాగిందల్లా అడుగున సన్నటి గొట్టంతో విడిగా ఒక పువ్వే. వంద పూలు కలిసి ఒకటిగా చలామణీ అవుతున్నాయన్నమాట.

"ధరెట్లుంది?" అని అడిగితే పెద్దమ్మ నవ్వింది. పోయినేడు ఒక వారం పూలు తెంచిన కూలి కూడా గిట్టక మడిలోనే వదిలేశారట. అదే వారం పట్నంలో నేను మూర దండకు బేరమాడి ఓడిపోయిన సంగతి చెప్పలేదు. వీళ్లు కిలోల్లో అమ్ముతారు, మనం మూరల్లో కొంటాం. మధ్యలో ఏమవుతుందో దండ కట్టే దారానికే తెలియాలి.

కోత అయ్యాక మొక్కను మొదలంటా నరికేస్తారు. చావదు. మొదట్లోంచి పిలకలు లేస్తాయి, వాటినే విడదీసి మళ్లీ నాటుతారు. "ఈ నారు మా అత్త కాలం నుంచీ ఉండాది" అందామె. విత్తనం ఊసు లేదు కాబట్టి, ఆ అత్త చేతులు తాకిన మొక్కే ఇంకా పూస్తోందనుకోవాలి.

వెళ్లబోతూ దీపాల మడిని పగటివేళ ఇంకోసారి చూశాను. ఒక మూల మొక్కలు గిడసగా ఉన్నాయి. వంగి చూస్తే కొనల్లో ఆవగింజంత మొగ్గలు. తలెత్తితే పైన మాడిన బల్బు. ఎన్నాళ్ల కిందట పోయిందో ఎవరూ గమనించలేదు. పెద్దమ్మ కొడుకు కొత్తది తెచ్చి బిగించాడు.

"ఇంక వీటికెందుకు పెద్దమ్మా?" అన్నాను.

"పక్కవాటికిలే. ఇవి ముందే పూస్తాయి గదా, మా ఇంటి దేవునికి" అంటూ ఆ మాడిన బల్బును కొంగుకు ముడేసుకుంది.