దాపల మోటారు, వలపల మోటారు

దాపల మోటారు కొంచెం మొద్దు. వలపలది దూకుడు. రెండూ ఒకే పెట్టెలోంచి తీసిన పసుపుపచ్చ ప్లాస్టిక్ మోటార్లే. అయినా రెండింటికీ సమానంగా కరెంటు ఇస్తే ఒకటి ముందుకు పోతుంది, ఒకటి వెనకబడుతుంది, రోబో బండి ఎడమకు తిరిగిపోతుంది. ఈ సంగతి నాకు విడమరచి చెప్పింది తొమ్మిదో తరగతి అమ్మాయి. "కాడికి కట్టినంత మాత్రాన రెండెద్దులూ ఒకే తీరుగ నడవవు గదక్కా. ఇదీ అంతే" అంది. కంప్యూటర్లో రాసుకున్న ప్రోగ్రాములో కూడా మోటార్లకు ఆ బడి పిల్లలు పెట్టుకున్న పేర్లు దాపల, వలపల. బండలాగుడు పందేలు చూస్తూ పెరిగిన పిల్లలకు ఎడమ, కుడి అనే మాటలకన్నా ఇవే ముందు నోటికొచ్చాయి. ఆ పేర్లు తీసేయమని వాళ్ల మేడం చెప్పలేదు. నాకు ఆమె మీద గౌరవం మొదలైంది అక్కడే.

ఆళ్లగడ్డలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఆమె ఫిజికల్ సైన్స్ చెబుతారు. ఉండేది నంద్యాల. తన పేరు, బడి పేరు, పిల్లల పేర్లు రాయనని ముందే మాట తీసుకున్నారు కాబట్టి ఇక్కడ మేడం అనే రాస్తాను. రోజూ నలభై కిలోమీటర్లకు పైగా పోవడం, మళ్లీ అంత రావడం. ఆ ఒక్కరోజు నేనూ ఆమె వెంట తిరిగాను.

ఉదయం ఏడుంబావుకు నంద్యాల ఆర్టీసీ బస్టాండులో కలిశాం. భుజానికి రెండు సంచులు: ఒకదాంట్లో క్యారియరు, పుస్తకాలు, ఇంకోదాంట్లో ఛార్జింగు పెట్టి తెచ్చిన బ్యాటరీలు, టేపు చుట్టలు, చిన్న స్క్రూడ్రైవరు. బస్సెక్కగానే కిటికీ పక్కన కూర్చుని డబ్బా మూత తీశారు. కొర్రల ఉప్మా, పక్కన పల్లీల పొడి. "మూడేళ్ల కిందట ఇదే సీట్లో కూర్చుని బేకరీ పఫ్ తినేదాన్ని. అది కూడా సగం రోజులు. మిగతా సగం రోజులు టీనే టిఫిను" అన్నారు.

అప్పట్లో పొద్దున నాలుగున్నరకు లేవడం, ఇంట్లో నలుగురికి వంట చేయడం, తాను తినకుండా బస్సు కోసం పరుగు. బడిలో ఆరు పీరియడ్లు నిలబడి చెప్పడం. మధ్యలో హాజరు ఫొటోలు, భోజనాల లెక్కలు ఫోనులోకి ఎక్కించడం. సాయంత్రం పిల్లలతో రోబో పని, ఏడింటి బస్సు, ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర, తినేసరికి పదయ్యేది. ఇలా పదిహేనేళ్లు. ఒక వేసవిలో కళ్లు తిరిగి పడిపోతే పరీక్ష చేయించారు. మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ ఎనిమిది దాటి ఉంది. ఆరున్నర నుంచే మధుమేహం కింద లెక్క.

మన దేశంలో పది కోట్ల పైచిలుకు మందికి ఈ జబ్బు ఉందని భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన పెద్ద అధ్యయనం 2023లో తేల్చింది. ఆ పది కోట్లలో తాను కూడా ఒకరని తెలిసిన రోజు మేడం ఏడవలేదట. ఒక రెండువందల పేజీల నోటుబుక్కు కొన్నారు.

నంద్యాల దాటాక నల్లరేగడి మొదలవుతుంది. ఎడమవైపు దూరాన నల్లమల మనతోపాటే వస్తూ ఉంటుంది. కేసీ కాలువ కింద వరి పచ్చపచ్చగా కోతకు వస్తోంది. నీళ్లు అందని చేలల్లో శనగ మొలిచి జానెడు లేచింది. మేడం తండ్రి రైతు. ఆమె చిన్నప్పుడు ఇంట్లో కొర్రన్నమే. వరి అన్నం పండక్కి వండేవాళ్లు. కాలువ కింద వరి వచ్చాక, రేషను బియ్యం వచ్చాక కొర్రలు పేదతనానికి గుర్తయిపోయి వంటింట్లోంచి వెళ్లిపోయాయి. వాటిని మళ్లీ కొనడానికి డాక్టరు చీటీ కావాల్సి వచ్చిందని ఆమె అన్నప్పుడు గొంతులో బాధ తెలిసింది. నంద్యాలలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం 1906 నాటిది. దేశంలో కొర్ర రకాలకు పేరున్న చోటు. 'సూర్యనంది' అనే రకం అక్కడ పుట్టిందే, డెబ్బై డెబ్బైఐదు రోజుల్లో చేతికొస్తుంది. అంత దగ్గర్లో పుట్టిన గింజ అంత దూరమైపోయింది. అయితే కొర్రన్నాన్ని మందులా చూడొద్దని ఆమె గట్టిగా చెప్పారు. పాలిష్ బియ్యంకన్నా పీచు ఎక్కువే గానీ, కంచం నిండా పెట్టుకుంటే అదీ చక్కెరను పెంచేదే. డాక్టరు రాసిన మాత్రలు ఆమె ఒక్కపూట కూడా మానలేదు.

బడికి ఒక స్టేజీ ముందే దిగిపోయాం. అక్కణ్నుంచి పదిహేను నిమిషాల నడక. పొద్దున పదిహేను, సాయంత్రం పదిహేను. పార్కుకు పోయే తీరిక లేని మనిషి రోజులోంచి అరగంట ఇలా పిండుకున్నారు.

రోబో గది అంటే ఒకప్పటి స్టోరు రూము. కేంద్రం 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబుల్లాంటిది కాదు. ఆ ల్యాబొకటి వస్తే ఇరవై లక్షల దాకా సాయం, త్రీడీ ప్రింటరు, పెద్ద గది ఉంటాయి. ఇంకో యాభై వేల ప్రభుత్వ బడుల్లో పెడతామని 2025 బడ్జెట్లో ప్రకటించారు. తమ బడి వంతు వచ్చేలోగా పిల్లలు పదో తరగతి దాటిపోతారని మేడం, ఇంకో ఇద్దరు టీచర్లు కలిసి సొంత డబ్బుతో సామాను కొన్నారు. రెండు ఆర్డుయినో బోర్డులు, నాలుగు మోటార్లు, ఐదు కళ్లున్న ఇన్‌ఫ్రారెడ్ సెన్సరు పట్టీ, ఒక పాత ల్యాప్‌టాపు. నేల మీద పరిచిన ట్రాకు పాత ఫ్లెక్సీ, తిరగేసింది. ఆ తెల్లటి వెనక వైపు నల్ల ఇన్సులేషన్ టేపుతో వంపులు తిప్పి గీత వేశారు. ఆ గీత మీద బండి తనంతట తాను నడవాలి. జిల్లా స్థాయి సైన్స్ ఫెయిర్‌కు ఇంకా తొమ్మిది రోజులుంది.

జట్టులో ఆరుగురు, నలుగురు ఆడపిల్లలు. రెండో పీరియడు తర్వాత, విరామంలో బండిని వదిలారు. పొద్దున ఎనిమిదిన్నరకు రెండో వంపు బ్రహ్మాండంగా తిరిగిందట. ఇప్పుడు అదే వంపు దగ్గర గీతే లేనట్టు నిలబడిపోయింది. పిల్లలు ప్రోగ్రాము మీద పడ్డారు. ఒకడు బ్యాటరీ మార్చాడు, ఒకమ్మాయి వేగం తగ్గించింది. మేడం గోడకు ఆనుకుని చూస్తూ ఉన్నారు. జవాబు ఆమెకు తెలుసని నాకు అర్థమైంది. చెప్పలేదు. కాసేపటికి "ఎన్ని మార్చినారు?" అని మాత్రం అడిగారు. "రెండు మేడం." "ఒక్కమారుకు?" అందరూ చల్లబడ్డారు. రెండూ వెనక్కి మార్చేశారు.

ఆ గదిలో ఉన్న ఒకే ఒక్క చట్టం అది: ఒక్కమారుకు ఒక్కటే మార్చాల. మార్చింది రాయాల, జరిగింది రాయాల. గోడకు మేకు కొట్టి వేలాడదీసిన నోటుబుక్కులో మూడు గడులు: తేదీ, ఏం మార్చినాము, ఏమయింది.

చివరికి పట్టింది ఎనిమిదో తరగతి పిల్లవాడు, మాట తక్కువ వాడు. రెండో వంపు మీద కిటికీలోంచి ఎండ పలక పడి ఉంది. పొద్దున అది అక్కడ లేదు. వాడు వెళ్లి అట్టముక్క అడ్డం పెట్టాడు. బండి కదిలింది. ఎండలోనూ మన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది. అది సెన్సరులో నిండిపోతే నల్ల టేపు కూడా తెల్లగానే తోస్తుంది. బండికి గీత మాయమైపోతుంది. సెన్సరు చుట్టూ నల్ల చార్టుతో చిన్న గొడుగు కట్టాలని పిల్లలే తీర్మానించారు. నోటుబుక్కులో ఒకమ్మాయి రాసింది: "ఎండ పడింది. మార్చింది ఏమీ లేదు."

మధ్యాహ్నం పిల్లల భోజనాలయ్యాక స్టాఫ్ రూములో మేడం నీళ్ల సీసా బల్ల మీద పెట్టారు. దాని మీద గోళ్ల రంగుతో నాలుగు గీతలు. మొదటి పీరియడు, విరామం, భోజనం, చివరి గంట. నేను ఆ గీతలకేసి చూస్తుంటే ఆమె గొంతు తగ్గించి చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పనిచేసిన బడిలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. పొద్దున ఇంట్లో తాగిన గ్లాసుడు నీళ్లతో సాయంత్రం దాకా ఉండేవారు. ఇప్పుడు ఈ బడిలో మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి, నీళ్లొస్తాయి. కానీ దాహాన్ని నొక్కిపెట్టే అలవాటు ఒంట్లోనే ఉండిపోయింది. ఆ మాట విన్నప్పుడు పక్కనున్న మరో ఇద్దరు టీచర్లు తల దించుకుని తమ డబ్బాలు సర్దుకున్నారు. మన బడుల్లో ఎంతమంది ఆడ టీచర్లు ఇలా ఎండిపోయి పాఠాలు చెప్పి ఉంటారు! ఆరోగ్యం గురించి టీచర్లకు ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు మొదట ఈ ప్రశ్నకు జవాబు వెతకాలి.

ఆమె సొంత నోటుబుక్కు కూడా చూపించారు. అందులోనూ మూడు గడులే. మొదట్లో అన్నీ ఒకేసారి మార్చారట: అన్నం మానేశారు, రెండు పూటలా నడిచారు, టీ వదిలేశారు. పదిరోజుల్లో నీరసపడి అన్నీ వదిలేశారు. ఏది పనిచేసిందో, ఏది చేయలేదో తెలియలేదు. "పిల్లలకు చెప్పే మాట నాకు నేను చెప్పుకోలేదు" అన్నారు. రెండోసారి ఒక్కొక్కటిగా పట్టుకున్నారు. టీలో చక్కెర ఒక నెల. పొద్దున టిఫిను ఒక నెల. ఆ పేజీలు తిప్పుతుంటే ఒకటి నా కంట పడింది. రాత్రి పదింటికి తిన్న ప్రతిరోజూ మర్నాడు పొద్దుటి చక్కెర అంకె పైకి పోయింది. ఏడున్నరకు తిన్న రోజుల్లో దిగింది. తప్పంతా అన్నానిదేనని ఆమె ఏడాది పాటు అన్నం మీదే కన్నేసి ఉంచారు. సగం తప్పు గడియారంలో ఉంది.

అంటే బడి నుంచి సాయంత్రం అయిదింటికే బయల్దేరాలి. రోబో పని మధ్యలో వదిలేసి. ఈ ఒక్కటే తనకు అన్నిటికన్నా కష్టమైందన్నారు.

ఆ ఎండను పట్టిన పిల్లవాడి తండ్రి శిల్పి. భోజనాల తర్వాత ఖాళీ పీరియడులో మేడం నన్ను ఆయన షెడ్డుకు తీసుకెళ్లారు. ఆళ్లగడ్డ శిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. రోడ్డు పొడవునా సగం చెక్కిన నందులు, నరసింహస్వాములు, జాతీయ నాయకులు ఎండలో నిలబడి ఉంటారు. షెడ్డు లోపల గ్రైండరు మోత, తెల్లటి పొడి. ఆయన మూతికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు. మేడం వెళ్లగానే మొదట అడిగింది దాని గురించే: "అన్నా, గుడ్డ కాదు, మాస్కు కొనుక్కోమంటి గదా. పొడి లేవకుండా నీళ్లు చల్లుకోని కోయండి." ఆయన తల ఊపి, అక్కడున్న డబ్బాలోంచి మాస్కు తీసి చూపించాడు. వాడుతున్నాడో లేదో కొడుకు చెబుతాడని మేడం అన్నారు.

ఎదురుగా నల్లరాయి, నాలుగడుగుల ఎత్తు. ఇంకా ముఖం లేదు. నెత్తి నుంచి పాదం దాకా నిట్టనిలువుగా ఎర్ర గీత. అది బ్రహ్మసూత్రం. అన్నిటికన్నా ముందు ఆ గీతే. దాని నుంచే అటూ ఇటూ కొలతలు. ముఖం పొడవు ఒక తాలం, పన్నెండంగుళాలు. నవతాలమంటే నూటెనిమిది అంగుళాలు. ఇంచుల లెక్క కాదు, బొమ్మలోంచే పుట్టే అంగుళం. "నడుమ గీత తప్పితే మొగం వంకర వస్తాది మేడం. ఎంత చెక్కినా సరిపోదు. చెక్కేకొద్దీ రాయి తరిగిపోతాది గానీ వంకర పోదు" అన్నాడాయన.

నాలుగున్నరకు మళ్లీ గదికి వచ్చాం. గొడుగు కట్టారు, ఎండ బాధ తీరింది. కానీ బండి ఎడమ వంపులన్నీ తిరిగి, కుడి వంపుల్లో గీత వదిలేస్తోంది. పదకొండు రోజులుగా ఇదే తంటా అని నోటుబుక్కు చెబుతోంది. దాపల మోటారుకు బలం పెంచారు, వలపలకు తగ్గించారు, మళ్లీ మార్చారు. గీత నుంచి ఎంత పక్కకు జరిగితే అంత గట్టిగా తిప్పేలా ప్రోగ్రాము రాశారు. ఆ ఆలోచనకు వందేళ్ల చరిత్ర ఉంది. ఓడ చుక్కాని పట్టేవాడు ఎలా దారి సరిదిద్దుకుంటాడో గమనించి నికొలాస్ మినోర్స్కీ అనే ఇంజనీరు 1922లో దాన్ని లెక్కల్లో పెట్టాడు. తప్పు ఎంత ఉంది, ఎంత జోరుగా మారుతోంది, ఎన్నాళ్లుగా పేరుకుంది అనే మూడూ చూడాలన్నాడు. పిల్లలు మొదటిది పట్టుకున్నారు. మిగతావి వచ్చే ఏడాదికి.

శిల్పి కొడుకు బండిని ఎత్తి తిరగేశాడు. జేబులోంచి దారం తీశాడు. ముందు చక్రం నడిమి నుంచి వెనక దాకా బిగించి పట్టుకోమని పక్కమ్మాయికి ఇచ్చాడు. స్కెచ్ పెన్నుతో గీత గీశాడు. ఐదు కళ్ల సెన్సరు పట్టీలో నడిమి కన్ను ఆ గీత మీద లేదు. అర సెంటీమీటరు పైగా పక్కకు జరిగి ఉంది. మొదటిరోజు చేత్తో వేసిన బెజ్జం వంకర పోయిందన్నమాట. మోటార్లను పదకొండు రోజులు అనవసరంగా తిట్టారు.

ఎవరూ అరవలేదు. వాడు మేడం వైపు చూశాడు. ఆమె కళ్లు మెరిశాయి, నోటి చివరిదాకా వచ్చిన మాట ఆపుకున్నారు. గోడ గడియారం అయిదు చూపిస్తోంది. కొత్త బెజ్జం వేయడానికి ఇంకో అరగంట. ఆమె కదల్లేదు. అప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి సంచి తెచ్చి చేతికిచ్చింది.

"మేడం, బస్సు."

"ఒక్కసారి చూసి…"

"పీఈటీ సార్ ఉన్నాడు మేడం. మేం చూసుకుంటాం. మీరు పొయ్యి తినల్ల."

పదిహేను నిమిషాల నడకలో ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదు. బస్సు దొరికింది, ఇద్దరికీ సీటు దొరికింది. నల్లమల ఈసారి కుడివైపు, పొద్దు వాలిన వెలుగులో నీలంగా ఉంది. శిరివెళ్ల దగ్గరికొచ్చేసరికి సంచిలో ఫోను రెండుసార్లు మోగింది, పిల్లల గుంపులో వీడియో వచ్చినప్పటి మోత. నేను ఆత్రంగా చూశాను. ఆమె సంచిలో చేయి పెట్టి సీసా తీశారు. నీళ్లు మూడో గీత దగ్గరున్నాయి. నాలుగో గీత దాకా తాగి మూత పెట్టాక, ఫోను బయటికి తీశారు.

బండి కుడి వంపు తిరుగుతోంది. వెనక నుంచి ఎవరో అమ్మాయి గొంతు, "వలపలా, నిదానం!" అంటోంది.