మేము, మనము

ఉర్దూలో "హమ్" ఒక్కటే. తెలుగులో "మేము", "మనము" అని రెండున్నవి. మొదటిది వినువారిని వెలుపల నిలుపును. రెండవది లోనికి పిలుచును. తరగతిలో ఈ భేదమును బోధించునప్పుడెల్ల మాకు జననాయకుల ప్రసంగములు జ్ఞప్తికి వచ్చును.

నందమూరి తారక రామారావుగారు 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించి, ఢిల్లీ పెత్తనమునకు ఎదురుగా తెలుగువారి ఆత్మగౌరవమను నినాదమిచ్చి, 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయిరి. 1984లో కరణం, మునసబు పదవులను రద్దు చేసిరి. అడంగలు లెక్క తమకే తెలియునను ధీమాతో పత్తి రైతును చావడి ముందు నిలబెట్టినవారికి అది తగిన శాస్తియే. కిలో రెండు రూపాయల బియ్యము మిరపకాయలు కోయు కూలీల ఇంటికి చేరినది. ఆ బియ్యపు కార్డు ఎవరి మాతృభాషనూ అడుగలేదు.

అమెరికాలోను 1892 ఎన్నికలలో పత్తి, గోధుమ రైతులు పీపుల్స్ పార్టీ పక్షమున బ్యాంకులను, రైలు కంపెనీలను ఎదిరించిరి. జార్జియా నాయకుడు టామ్ వాట్సన్ నల్ల రైతులను, తెల్ల రైతులను ఏకము కమ్మనెను. తరువాతి కాలమున ఆయనయే నల్లవారిపై, కాథలిక్కులపై, యూదులపై విషము గ్రక్కెను. పెద్దలపై ఆగ్రహము మిగిలినది. "మనము" మాత్రము "మేము"గా కుంచించుకొనిపోయినది.

కనుక విద్యార్థులారా, పెద్దలను నిందించు నాయకుని మాట న్యాయమైనదే కావచ్చును. కాని ఆయన "ప్రజలు" అన్నప్పుడు అందులో ఎవరెవరున్నారో అడుగుడు. ఇంట ఉర్దూ, అంగడిలో తెలుగు పలుకు మా వంటివారికి ఇది వట్టి వ్యాకరణము కాదు.