మా ఇంటిపేరు

మా ఇంటిపేరు పరిగి. తాండూరు బడిలో చదివే రోజుల్లో ఈ పేరు నన్ను చాలా ఏడిపించింది. పంట కోసిన చేలో రాలిన వెన్నులను ఏరుకోవడాన్ని పరిగె ఏరడమంటారు కదా. "పరిగె ఏరుకునేటోళ్ళు వచ్చిండ్రు" అని తోటిపిల్లలు నవ్వేవారు. నాన్నగారికి చెప్పుకుంటే, "అది మన పాత ఊరి పేరు. మీ ముత్తాత అక్కడినుంచే వచ్చాడు" అని ఊరుకునేవారు. ఆ ఊరికి ఆయన నన్నెప్పుడూ తీసుకువెళ్ళలేదు.

ఇటీవల ఐండ్‌హోవెన్‌లో ఉంటున్న మా అమ్మాయి ఫోనులో ఒక ముచ్చట చెప్పింది. నెదర్లాండ్స్‌లో నాక్ట్‌ఖెబోరెన్ అనే ఇంటిపేరు ఉందట. వినడానికి 'దిగంబరంగా పుట్టినవాడు' అని అర్థం. 1811లో నెపోలియన్ ఏలుబడిలో ఇంటిపేర్ల నమోదు తప్పనిసరి కాగా, జనం వెటకారానికి ఇటువంటి పేర్లు పెట్టుకున్నారని అక్కడ కథగా చెప్పుకుంటారు. నిజానికి చాలామందికి అప్పటికే ఇంటిపేర్లున్నాయి. తండ్రి పోయాక పుట్టిన బిడ్డను సూచించే మాటే మారి ఈ పేరయిందని పరిశోధకులు అంటారు. అందరూ నవ్వుకునే పేరు వెనుక తండ్రిని చూడని బిడ్డ ఉన్నాడన్నమాట! ఆ రాత్రి నాకు మా బడి గుర్తుకొచ్చింది.

నాన్నగారు లేరు. నేనే ఒకనాడు పరిగి బస్సెక్కాను. అక్కడ టీ కొట్టు దగ్గర కూర్చున్న ఒక పెద్దాయనతో, "మేము పరిగివారమండీ" అన్నాను, కొంచెం గర్వంగానే.

"ఇప్పుడు యాడ ఉంటున్నరు బిడ్డా?"

"తాండూరులో. మూడు తరాలయింది."

"మరి తాండూరోళ్ళే గదా!" అని నవ్వాడు.

తిరుగు ప్రయాణంలో ఆ మాటే ఆలోచిస్తూ కూర్చున్నాను. పరిగిలో ఉన్నవారిని పరిగివారని ఎవరు పిలుస్తారు? ఊరు విడిచినవారికే ఊరు ఇంటిపేరవుతుంది. అదీ మనం పెట్టుకునేది కాదు, చేరిన చోటివారు పెట్టేది. 1952లో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావుగారి అసలు ఇంటిపేరు పుల్లంరాజు. ఆయన పుట్టింది పడకల్‌లో. స్వగ్రామం బూర్గుల కనుక ఆ పేరే ఆయనకు నిలిచింది. డచ్చివారి 'వాన్' కూడా ఇటువంటిదే. వాన్ డైక్ అంటే నీటికట్ట దగ్గరినుంచి వచ్చినవాడు. మన కట్టా వారికి దూరపు చుట్టమేమో!

మా ముత్తాత ఎందుకు ఊరు విడిచాడో నాన్నగారు చెప్పలేదు. ఏరుకోవడానికి పరిగె కూడా మిగలని ఏడాదేమోనని ఇప్పుడనిపిస్తుంది. అదే నిజమైతే, ఆ పిల్లల నవ్వుకు నేను సిగ్గుపడవలసింది లేదు.

ఇంటికి వచ్చి అమ్మాయికి ఇదంతా చెప్పాను. "నాన్నా, ఇక్కడ ఆఫీసులో నన్ను అందరూ పరిగి అనే పిలుస్తారు" అంది.

తాను ఇంతవరకు పరిగి చూడలేదు.